పదిహేనో సంతకం

మేడమ్ పోయారని రేవతి ఫోన్ చేసి చెప్పింది. ఉదయం పదీ ఇరవై అయింది. నేను పేపరు చదవడం ముగించి మడిచి పెడుతున్నాను.

"మొన్న సాయంత్రం సార్, వడమాలపేటలో. నిన్ననే అంతా అయిపోయింది. మీకు చెప్పాలనే అనుకున్న్యాం, మీ నంబరు ఎవురి దగ్గరా దొరకలేదు."

వయసెంత అని అడిగాను. అడగవలసిన ప్రశ్న అది కాదు.

"అరవై కూడా నిండలేదు సార్. మేమంతా కలిసి ఆమె మీద చిన్న పుస్తకం వేస్తా ఉండాం. మీరు రాయాల సార్. యూనివర్సిటీలో ఆమె పక్కన నిలబడింది మీరొక్కరే కదా!"

ఆ మాట ఎవరు చెప్పారని అడగవలసింది. "రాస్తానమ్మా" అన్నాను.

"రెండు పేజీలు చాలు సార్. వచ్చే ఆదివారం నేనే వచ్చి ఎత్తుకుంటా."

రేవతి నా పాత విద్యార్థిని, ఐరాల అమ్మాయి. ఇప్పుడు తిరుపతిలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. నేను ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఒక శాఖకు అధిపతిగా ఉండి రిటైరయ్యాను. మేడమ్ మా శాఖలో గెస్టు లెక్చరరు. ఎం.ఏ. పిల్లలకు ప్రపంచ స్త్రీవాదాలు అనే ఐచ్ఛిక పత్రం చెప్పేది. ఆ పత్రం నడిచినంత కాలమే ఆమెకు మా దగ్గర పని. నడిచింది ఒక్క సెమిస్టరు.

ఆమె పక్కన నేను నిలబడలేదు. ఆ సంగతి చెబుతాను. కానీ ముందు ఆమె ఎలా ఉండేదో చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన పని ఎంతటిదో తెలియదు.

పద్దెనిమిదో ఏట నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఒక్క రోజు తప్పలేదు. ఆమె గురించి రాయడానికి ఆ సంవత్సరం డైరీ తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆమె ప్రస్తావన తొమ్మిది చోట్ల ఉంది. తొమ్మిదింటిలో ఏడు ఆమె అడిగిన సామాను గురించి: సుద్దముక్కలు, గోడకు మేకు, ఇంకో మేకు. ఆమెకు పెళ్ళయిందో లేదో, తల్లిదండ్రులున్నారో లేదో ఎక్కడా లేదు. నేను అడగలేదు. కాబట్టి కింద రాసేది దాదాపుగా డైరీలో లేనిదే.

మేకులు అడిగింది పటం కోసం. ఆమె దగ్గర గుడ్డ మీద అచ్చువేసిన ప్రపంచ పటం ఒకటి ఉండేది. చుట్టి నిలబెడితే ఆమె భుజం దాకా వచ్చేది. క్లాసు గదికి తాళం సరిగ్గా పడదని దాన్ని రోజూ వడమాలపేట నుంచి బస్సులో తెచ్చి, మళ్ళీ బస్సులో తీసుకుపోయేది. ఒకసారి పుత్తూరులో పెళ్ళి చూసుకుని తిరిగి వస్తున్నాను. వడమాలపేటలో ఆమె ఎక్కింది. కండక్టరు పటం చుట్టను చూశాడు.

"ఏమ్మా, ఇంత పొడుగుది ఎత్తుకోనొస్తే ఎట్లా? లగేజీ కొట్టాల్సిందే."

"ప్రపంచమప్పా ఇది. దీనికి సరిపోయే టికెట్టు నీ దగ్గర ఉండాదా?"

"ప్రపంచమైతే మాత్రం! దావకడ్డం పెడితే జనం యాడ నిలబడాల?"

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, పటాన్ని రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తిరుపతి దాకా అలాగే వచ్చింది. నేను మూడు సీట్ల వెనక ఉన్నాను. పలకరించలేదు. పలకరిస్తే దిగేటప్పుడు ఆ చుట్టకు ఒక కొస నేను పట్టుకోవాలి. ఆడవాళ్ళ పేపరు పటాన్ని మోస్తూ శాఖాధిపతి గేటులోకి వచ్చాడని నలుగురూ అంటారు. అంతే నా ఆలోచన.

ఆ పటం మీద గుర్తులన్నీ బొట్టుబిళ్ళలే. ఒక దేశం గురించి పాఠం అయిపోగానే ఒక అమ్మాయి లేచి వెళ్ళి ఒక బిళ్ళ అతికించాలి. ఆడవాళ్ళంతా ఒకరోజు ఇంటి పనీ బయటి పనీ మానేసి వీధిలోకి వచ్చిన ఐస్‌లాండ్ మీద ఎర్రది. మాయమైన తమ పిల్లల కోసం తల్లులు తెల్లగుడ్డలు తలకు కట్టుకుని తిరిగిన అర్జెంటీనా మీద మెరూన్ రంగుది. ఆడవాళ్ళు గుంపులుగా చెట్లు నాటిన కెన్యా మీద ఆకుపచ్చది. ఆ తర్వాత పిల్లలు తమ ఊళ్ళకూ బిళ్ళలు పెడతామన్నారు. పటంలో మన వైపు చెన్నై తప్ప ఏ పేరూ లేదు. చెన్నైకి కాస్త పైన అంటూ అందరూ అక్కడే అతికించారు.

"మేడమ్, ఐరాల సముద్రంలో పడిపోయింది" అంది రేవతి.

"పడనీలేమ్మా. ఐరాలోళ్ళు ఈది గట్టెక్కుతారు."

ఈ మాట నేను వరండాలో నడుస్తూ విన్నాను. నేను అలా క్లాసుల ముందు నడిచేవాణ్ణి, పాఠాలు జరుగుతున్నాయో లేదో చూడడానికి. ఆమె క్లాసు ముందు మాత్రం కాస్త నెమ్మదిగా నడిచేవాణ్ణి.

ఆమె కుర్చీలో కూర్చోదు. వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చుని అక్కడి నుంచే మాట్లాడేది. ఎవరైనా ఏదైనా చెప్పడం మొదలుపెడితే కళ్ళజోడు తీసేసేది. కళ్ళజోడు పెట్టుకుంటే ముఖాలు కనిపిస్తాయని, ముఖాలు చూస్తూంటే మాట సగమే వినబడుతుందని అనేది. బెదురు పిల్లలను లేపి ప్రశ్న అడిగి, "తొందర్లేదు" అని ఊరుకునేది. ఊరుకోవడమంటే నిజంగా ఊరుకోవడమే. ఒకసారి గడియారం చూశాను. నాలుగు నిమిషాలు క్లాసులో చప్పుడు లేదు. ఐదో నిమిషంలో ఆ పిల్ల మాట్లాడింది.

ఇంకో అలవాటుండేది. మగపిల్లలు ఇద్దరే ఆ క్లాసులో. అందులో ఒకడికి విప్లవాల మీద మోజు. ఫలానా దేశంలో ప్రజలు తిరగబడ్డారు, ఫలానా చోట జెండా ఎగరేశారు అని ఊగిపోతూ చెప్పేవాడు. అంతా విని ఆమె మెల్లగా అడిగేది: "సరేనప్పా. ఆ దినం వాళ్ళిండ్లల్లో గిన్నెలు ఎవురు కడిగినారు?"

క్లాసు గొల్లుమనేది. ఆ అబ్బాయి కూడా నవ్వేవాడు. తర్వాత ఆమె ఆ గిన్నెల మీదే పాఠం చెప్పేది. గంట కొట్టినా ఎవరూ లేచేవారు కాదు.

ఒకసారి చిత్తూరు వైపు నుంచి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఆమెను పిలుచుకొచ్చి, ఈరోజు పాఠం ఈమె చెబుతుందంది. బయటివాళ్ళు వచ్చి పాఠం చెప్పాలంటే మా దగ్గర ఒక ఫారం నింపాలి. ఆ ఫారంలో గడులు తయారుచేసింది నేనే. విద్యార్హతలు అనే చోట మేడమ్ 'ఇరవై సీజన్లు మామిడికాయ కోత' అని రాసింది. పిలిచి అడిగాను.

"ఏ గడీ ఖాళీగా వదలొద్దంటిరి కదా సార్. నింపినాను."

సంతకం చేశాను. చేసి, స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్పి నవ్వాను. "ఏమప్పా, రేపు దోసెలు పోసేదానికి కూడా డాక్టరేట్ ఇస్తారా మీ డిపార్ట్‌మెంటులో?" అని ఒకాయన అంటే ఇంకా గట్టిగా నవ్వాను. ఆ సమయానికి క్లాసులో ఆ ఫ్యాక్టరీ ఆమె, మామిడి రసానికి గోళ్ళ చుట్టూ చర్మం ఎలా ఊడుతుందో, ఆ చేత్తో బిడ్డకు అన్నం ఎలా కలిపి పెడుతుందో చెబుతోందట. రేవతి తర్వాత చెప్పింది.

ఇక నా డైరీ సంగతి. ఒక మధ్యాహ్నం సుద్దముక్కల కోసం నా గదికి వచ్చి, నేను రాసుకోవడం చూసింది.

"అరగంటకొకసారి రాస్తారా సార్?"

"ముఖ్యమైనవి రాస్తాను."

"రాయకముందే ఏది ముఖ్యమో ఎట్ల తెలుస్తాది సార్?"

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఆమె మాత్రం వదల్లేదు. మీ పద్ధతి మా పిల్లలకు నేర్పండి అంది. ఎవరూ నన్ను అలా అడిగి ఎరగరు. సంతోషంగా వెళ్ళాను. నలభై నిమిషాలు మాట్లాడాను. మూడు సూత్రాలు చెప్పాను. ముందు టైము వేయండి. కళ్ళతో చూసిందే రాయండి. మీ అభిప్రాయం రాయకండి. ఆమె వెనక బెంచీలో కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఆసాంతం వింది. నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన పాఠాల్లో మంచిది అదే అనుకుంటాను.

పిల్లలకు ఆ వారం ఇచ్చిన పని ఇది: సెలవుకు ఇంటికి పోయినప్పుడు, అమ్మ ఒక రోజంతా ఏం చేసిందో అరగంటకొక వాక్యం చొప్పున రాసుకురావాలి. సార్ చెప్పిన మూడు సూత్రాలు తప్పకూడదు.

వాళ్ళకు నమూనాగా ఉంటుందని నేనూ ఒక ఆదివారం నా భార్య దినచర్య రాయబోయాను. ఆరున్నర: కాఫీ ఇచ్చింది. ఏడు దగ్గర ఆగిపోయాను. ఆమె వంటింట్లో ఉంది, నేను వరండాలో ఉన్నాను. రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను.

"ఏం గావాల మీకు? ఇందాకట్నించి ఆడాడే తిరగతా ఉండారు!" అంది ఆమె.

ఏమీ వద్దని వచ్చేశాను. నమూనా అక్కర్లేదులెమ్మని మేడమ్‌కు చెప్పాను.

పది రోజుల తర్వాత రేవతి నాయన నా గదికి వచ్చాడు. తెల్లచొక్కా, తెల్లపంచె, మర్యాదస్తుడు. ఐరాలలో మామిడితోటలూ చెరకూ ఉన్న రైతు. కూర్చోమని రెండుసార్లు చెప్పిన తర్వాతే కూర్చున్నాడు. పేపర్లో చుట్టిన నోటుబుక్కు తీసి, ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టాడు.

'ఒంటిగంట: చారు వేడిగా లేదని నాయన కంచం తోసినాడు. ఒకటిన్నర: అమ్మ మెతుకులు ఏరింది, చారు మళ్ళా కాచింది. రెండు: నాయన తిన్నాడు. రెండున్నర: అమ్మ గిన్నెలు కడిగింది. మూడు: అమ్మ తినలేదు.'

నేను చెప్పిన మూడు సూత్రాల్లో ఒక్కటీ తప్పలేదు. ఒక్క విశేషణం లేదు. ఆ మాట అప్పుడు ఆయనతో అనలేదు.

"అబద్ధం రాసిందని అనను సార్" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "జరిగిందే రాసింది. ఇంట్లో జరిగింది క్లాసులో నిలబడి చదివేదానికేనా సార్ బిడ్డను ఇంత దూరం పంపించింది? మా ఇంటిది ముప్పై ఏండ్లలో నన్ను ఒక మాట అనలేదు. ఈ బుక్కు వచ్చినాక, తిన్న్యావా అని అడిగితే నా మొగం సూస్తాది."

నేను నోటుబుక్కు మూసి ఆయన వైపు జరిపాను.

"మీ ఇంట్లో ఆయమ్మది కూడా ఇట్లా గంటగంటకూ రాయించినారా సార్?"

ఆయన ఎగతాళికి అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. ఏదో ఒకటి చేస్తానని చెప్పి పంపించాను. ఆయన నన్ను బెదిరించలేదు. ఫలానా పని చెయ్యమని కూడా అడగలేదు. ఆ రోజు డైరీలో 'ఐరాల నుంచి ఒక తండ్రి వచ్చి వెళ్ళారు' అని మాత్రం ఉంది.

నేను చేసింది ఇది. ఆ పత్రంలో రెండో భాగం తర్వాతి సెమిస్టరులో ఉంది. కావలసినవాళ్ళు ఫారం నింపి ఇవ్వాలి. పదిహేను మంది ఉంటేనే ఏ ఐచ్ఛిక పత్రమైనా నడుస్తుంది. అది అందరికీ తెలిసిన నియమం. మొదటి భాగంలో ఇరవై రెండు మంది ఉన్నారు. ఆ ఒక్క పత్రం ఫారం మీద స్కేలు పెట్టి, పెన్సిలుతో ముందు గీసి, తర్వాత నల్ల సిరాతో దిద్ది ఒక గడి చేర్చాను. పైన 'తండ్రి సంతకం' అని రాశాను. తల్లి లేక సంరక్షకుడు అని కూడా రాయవచ్చు. గడిలో చోటు చాల్లేదు. చోటు కోసం గడి పెంచవచ్చని ఆ క్షణంలో తోచలేదని చెప్పుకుంటూ వచ్చాను. తోచింది. పెంచలేదు.

ఎవరినీ అడగలేదు. ఎవరూ నాకు చెప్పలేదు. గీసి, జిరాక్సు తీయించి, బల్ల మీద పెట్టించాను.

మరుసటి రోజు మేడమ్ ఆ ఫారం పట్టుకుని వచ్చింది.

"ఓటు వేసొచ్చిన పిల్లలు సార్. వీళ్ళకు నాయన సంతకమా? ఇది ఎవురు పెట్టమన్న్యారు?"

"పైనుంచి వచ్చింది."

"లెటరుండాదా సార్?"

"నోటిమాటగా చెప్పారు."

ఆమె కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. నేను ఇంకా ఏదైనా చెబుతానని చూసింది. నాలుగు నిమిషాలు కాదు గానీ చాలాసేపే ఊరుకుంది. తొందర్లేదు అనలేదు, అంతే. నేను ఫైలు తిరగేస్తున్నాను.

చివరికి ఆ కాగితం వంక చూసి, "పైవాళ్ళకు ఇంత తిన్నగా గీత గీసే ఓపిక యాడుంటాది సార్!" అంది. కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయింది.

మగపిల్లలిద్దరూ ఆ వారంలోనే సంతకాలు తెచ్చేశారు. వాళ్ళ నాయనలు పేపరు పేరు కూడా చదివి ఉండరు. ఆడపిల్లల్లో పన్నెండు మంది తెచ్చారు. ఎలా తెచ్చారో, ఎంత బతిమాలారో నాకు తెలియదు. ఆఖరి రోజు మధ్యాహ్నానికి నా బల్ల మీద పద్నాలుగు ఫారాలున్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. సాయంత్రం ఐదింటికి గడువు.

నాలుగూ నలభైకి రేవతి వచ్చింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖమంతా చెమట. ఫారం నా ముందు పెట్టింది. నేను గీసిన గడిలో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, నాగరత్నమ్మ అని ఉంది. చోటు చాలక చివరి అక్షరం గీత దాటి బయటికి వచ్చింది.

"ఇదెవరిది?"

"మా అమ్మది సార్. నాయన పెట్టనన్న్యాడు. ఆయన తోటకు పోయినప్పుడు అమ్మ పెట్టింది."

"ఇక్కడేముందో చదివావా అమ్మా? తండ్రి అని ఉంది."

"అమ్మ పెడితే చెల్లదా సార్?"

ఆ ప్రశ్న మామూలు ప్రశ్నలాగే అడిగింది. ఆ ఫారం తీసుకుని పద్నాలుగింటి మీద పెడితే పదిహేను. అది నాకు తెలుసు. రేవతికి తెలియదు. ఎర్రపెన్ను తీసి ఆ పేరు మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన 'చెల్లదు' అని రాసి, పొట్టి సంతకం చేసి ఫారం తిరిగి ఇచ్చాను.

రేవతి బయటికి వెళ్ళింది. వరండాలో మేడమ్ నిలబడి ఉంది. ఆ కాగితం తీసుకుని చూసింది. తలెత్తి కిటికీలోంచి నా వైపు చూసింది. లోపలికి రాలేదు. రేవతి భుజం మీద చెయ్యేసి తీసుకువెళ్ళింది. మర్నాడు వచ్చి గోడకున్న మేకులు రెండూ పీకి ఆఫీసులో అప్పజెప్పి వెళ్ళిందట. అటెండరు చెప్పాడు. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు.

ఆ రోజు డైరీ: 'ఐచ్ఛిక పత్రం విషయం ముగిసింది. వచ్చిన దరఖాస్తులు 14. నియమం ప్రకారం చాలలేదు.'

రేవతి ఫోన్ చేసిన తర్వాత మొదట నేను రాసింది ఇది కాదు. పటం, బొట్టుబిళ్ళలు, వెనక బెంచీ, గిన్నెల ప్రశ్న, అన్నీ కలిపి సరిగ్గా రెండు పేజీలు రాశాను. చదువుకుంటే నాకే నచ్చింది. అందులో ఒక్క అబద్ధం లేదు. నేనూ లేను. ఆ పేజీలు పక్కనపెట్టి ఇది మొదలుపెట్టాను. ఇక్కడి దాకా రాసి, ఆదివారం రేవతి వచ్చినప్పుడు చేతికిచ్చాను. మిగతాది ఆ తర్వాత రాసింది.

రేవతి హాల్లో కూర్చుని చదివింది. ఒక పేజీ దాకా వచ్చి, వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. నేను ఎదురుగా కూర్చున్నాను. లేచి లోపలికి పోతే బాగుండనిపించింది. పోలేదు.

"అయితే మేడమ్‌కు తెలుసన్నమాట" అంది.

"తెలుసమ్మా."

"మాకేమో, మీ సార్ శానా ప్రయత్నం చేసినాడు, పైవాళ్ళు ఒప్పుకోలేదు అని చెప్పినారు. మేం మీ మీద కోపంగా ఉంటిమి. ప్రాజెక్టులన్నీ ఆయన దగ్గరే కదమ్మా, మొగాలు మాడ్చుకోని పోవద్దండి అని మమ్మల్ని సర్దినారు." నా వైపు చూసి, "మీరు నాకు మంచి మార్కులే వేసినారు సార్" అంది.

నేను తల వంచుకున్నాను. మేడమ్ నన్ను కాపాడిందని ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి లోలోపల అనుకుంటున్నాను. ఆమె కాపాడింది పిల్లలను, నా నుంచి.

"పుస్తకంలో ఇదే వేస్తాం సార్. ఒక్క ముక్క కూడా తియ్యం. అయితే ఇంకొకటుండాది." రేవతి కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "మా అమ్మ చదువు రెండో తరగతి. ఆ సంతకం కోసం నా పాత నోటుబుక్కులో పదకొండు దినాలు రాసి నేర్చుకున్నింది. అది వంకరగా వచ్చిందని, గీత దాటిందని, అందుకే సార్ కొట్టేసినారని అనుకున్నింది. కాదమ్మా, రూలు అంటే వినలేదు. ఎర్రసిరాతో కొట్టినారంటే దాంట్లో తప్పు లేకుండా ఉంటాదా అనింది. అప్పట్నించి బ్యాంకులో గానీ, రేషను కాడ గానీ, యాడడిగినా వేలిముద్రే. సంతకం పెట్టమంటే, నాది బాగుండదులే అంటాది."

ఇది నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా నా లెక్కలో ఆ ఎర్రగీత ఒక పత్రాన్ని ఆపిన గీత, అంతే. అది ఒక మనిషి చేతిని ఆపిందని తెలియదు.

"పుస్తకంలో వేస్తే అమ్మ చదవలేదు సార్. మీరే వచ్చి చెప్పండి."

"మీ నాయన..."

"నాయన పోయి నాలుగేండ్లయింది. ఇంక మీరు భయపడేదానికి ఆయన లేడు."

బుధవారం ఉదయం చిత్తూరు బస్సెక్కి, అక్కడ మారి ఐరాల వెళ్ళాను. ఏం చెప్పాలో దారిలో మూడు వాక్యాలుగా అనుకున్నాను. రేవతి ముందే వచ్చి ఉంది. నాగరత్నమ్మ వసారాలో చాట ముందేసుకుని చెనక్కాయలు వొలుస్తోంది. నన్ను చూసి లేచి కొంగు సర్దుకుంది.

"రాండి సార్, కూసోండి. మా పాప చెప్తా ఉంటాది మీ గురించి. ఎండన బడి ఇంత దూరం వస్తిరే, ఫోన్లో చెప్పకూడదా?"

కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. "అమ్మా, అప్పుడు మీరు పెట్టిన సంతకంలో తప్పేమీ లేదు. చక్కగా ఉంది. దాన్ని కొట్టేసింది నేను."

"అది రూలంట కదా సార్."

"రూలు లేదమ్మా. ఎవరూ పెట్టమనలేదు. ఆ గడి నేనే గీశాను. మీ సంతకం తీసుకుని ఉంటే పిల్లల పాఠం ఆగేది కాదు, మేడమ్ పని పోయేది కాదు."

ఆమె చేతిలో కాయ అలాగే ఉంది. రేవతి వంక చూసింది. రేవతి తలూపింది.

"బాగానే ఉన్నిందా నా సంతకం?"

"బాగానే ఉందమ్మా."

"మళ్ళెందుకు సార్ కొట్టేస్తిరి?"

దారిలో అనుకున్న మూడు వాక్యాలూ అప్పటికే అయిపోయాయి. "భయమేసిందమ్మా" అన్నాను.

"ఎవురంటే? మా ఆయనంటేనా?"

"అవును."

ఆమె నా ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నాకూ భయమే సార్" అంది. "ఆయనతో ఒకే ఇంట్లో ఉండేదాన్ని. అయినా పెడితి కదా."